దీపాలు పెట్టే వేళకు ఎన్ని యూనిట్లు?

కరెంటు బిల్లులో యూనిట్లుంటాయి, పేపర్లో మెగావాట్లుంటాయి. మనం నెలనెలా డబ్బు కట్టేది యూనిట్లకు. శంకుస్థాపన సభల్లో వినేది మెగావాట్ల గురించి. సౌర విద్యుత్తు మీద, గాలిమరల మీద మన దగ్గర జరిగే మాటల్లో సగం తికమక ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వస్తున్నదే. ముందు ఆ ముడి విప్పుకుంటే మిగతా అంకెలు సులువుగా అర్థమవుతాయి.

బోరుకు ఐదు హెచ్‌పీ మోటారు బిగించామంటే దాని బలం చెప్పినట్టు. మడికి ఎన్ని నీళ్ళు పారాయన్నది ఆ మోటారు ఎన్ని గంటలు తిరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మెగావాటు మోటారు బలం లాంటిది, యూనిట్ పారిన నీళ్ళ లాంటిది. వెయ్యి వాట్ల యంత్రం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాటు, వెయ్యి మెగావాట్లు ఒక గిగావాటు.

2025 జూన్ 30 నాటికి మన దేశంలోని విద్యుత్ కేంద్రాల మొత్తం బలం సుమారు 485 గిగావాట్లు. బొగ్గు, గ్యాసు, డీజిల్‌తో నడిచేవి 242. ఎండ, గాలి, నీరు, పంట వ్యర్థాలు, అణుశక్తి అన్నీ కలిపి దాదాపు 243. అంటే సగం గీత దాటేశాం. 2030 నాటికి సగానికి చేరతామని పారిస్ ఒప్పందం కింద మాట ఇచ్చి, ఐదేళ్ళు ముందే చేరాం. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలయ్యేనాటికి గ్రిడ్‌కు కలిసిన సౌర విద్యుత్తు పట్టుమని పాతిక మెగావాట్లు కూడా లేదు. 2025 జనవరి ఆఖరుకు అది లక్ష మెగావాట్లు దాటింది. పదిహేనేళ్ళలో ఇంత పని చేసిన ఇంజినీర్లను, కూలీలను, లైన్‌మన్లను మనసారా మెచ్చుకోవాలి.

ఇప్పుడు బిల్లు భాషలోకి వద్దాం. 2024-25లో దేశం మొత్తం మీద పుట్టిన కరెంటు దాదాపు 1.83 లక్షల కోట్ల యూనిట్లు. అందులో పెద్ద జలవిద్యుత్ కేంద్రాలతో సహా పునరుత్పాదక వనరుల నుంచి వచ్చింది 40 వేల కోట్ల యూనిట్లు. నూటికి 22. సౌర విద్యుత్తు వాటా 14,400 కోట్ల యూనిట్లు, నూటికి ఎనిమిది. గాలి వాటా 8,300 కోట్లు, నూటికి నాలుగున్నర. దాదాపు నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ బొగ్గే మోస్తోంది.

అణుశక్తిని పక్కన పెట్టి చూసినా మెగావాట్లలో దాదాపు సగం, యూనిట్లలో అయిదో వంతుకు కాస్త పైన. ఈ రెండు అంకెలూ నిజమే. వీటి మధ్య ఉన్న దూరంలోనే మన దేశపు విద్యుత్ కథంతా ఉంది.

దూరం ఎందుకొచ్చిందో చూద్దాం. వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం ఏడాది పొడుగునా ఒక్క నిమిషం ఆగకుండా పూర్తి బలంతో నడిస్తే 876 కోట్ల యూనిట్లు వస్తాయి. నిజంగా నడిచేది సగటున 69 శాతం, కనుక 600 కోట్లు. అదే వెయ్యి మెగావాట్ల సౌర పార్కుకు రాత్రి లేదు, మబ్బు పట్టిన పగలు అరకొర, ఉదయం సాయంత్రం ఏటవాలు ఎండ. మంచి చోట పెట్టినా 20 శాతం చుట్టూ తిరుగుతుంది. అంటే 175 కోట్ల యూనిట్లు. ఒక బొగ్గు కేంద్రం ఇచ్చే యూనిట్లు కావాలంటే అంతకు మూడున్నర రెట్ల మెగావాట్ల సౌర పలకలు పరవాలి. గాలిమర కొంత మెరుగు. మంచి గాలి వీచే చోట 25 నుంచి 35 శాతం ఇస్తుంది.

ఇక్కడే మన సీమ ఎండ గురించి ఒక అపోహ ఉంది. ఎండ ఎంత మండితే అంత కరెంటు అనుకుంటాం. పలకకు కావలసింది వెలుగు, వేడి దానికి పడదు. 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి పలక బలం నూటికి 0.3 నుంచి 0.4 దాకా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో పలక ఒళ్ళు 60 డిగ్రీలకు కాగితే పదో వంతుకు పైగా పోయినట్టే. ఆకాశం తేటగా ఉండి, ఎండ ఇంకా ముదరని మాఘ ఫాల్గుణాలే దానికి మంచి కాలం.

ఎండకు కరువు లేదు

ఈ దేశంలో ఎండ ఎంత ఉందన్న ప్రశ్నకు చాలాకాలం చెప్పిన జవాబు 748 గిగావాట్లు. జాతీయ సౌరశక్తి సంస్థ లెక్క అది. బంజరు భూముల్లో నూటికి మూడు వంతులు పలకలకు ఇస్తే వచ్చేది. రాజస్థాన్‌కు 142, లద్దాఖ్‌తో కలిసి ఉన్నప్పటి జమ్మూ కశ్మీర్‌కు 111, ఆంధ్రప్రదేశ్‌కు 38, తెలంగాణకు 20 గిగావాట్లని అందులో చెప్పారు. తర్వాత పలకలు మెరుగుపడ్డాయి, ఒక మెగావాటుకు పట్టే స్థలం తగ్గింది. 2025లో అదే సంస్థ కొత్తగా వేసిన అంచనా 3,343 గిగావాట్లు. మొదటి లెక్కనే పట్టుకున్నా, 2025 మార్చి నాటికి మనం పెట్టింది అందులో ఏడో వంతు.

గాలి లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నేల నుంచి 100 మీటర్ల ఎత్తులో దేశపు గాలి బలం 302 గిగావాట్లని చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ చెప్పింది. 120 మీటర్ల ఎత్తులో 695. 150 మీటర్లకు పోతే 1,164. గాలి అదే, స్తంభం ఎత్తు పెరిగిందంతే. పైకి పోయేకొద్దీ చెట్లూ గుట్టలూ అడ్డుండవు, వేగం పెరుగుతుంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 1990ల్లో రామగిరి గుట్టల మీద వెలిసిన పొట్టి గాలిమరలకూ, ఇప్పుడు అనంతపురం, కర్నూలు దారుల్లో ఆకాశాన్ని తాకుతున్న వాటికీ తేడా అదే. 120 మీటర్ల లెక్కన ఆంధ్రప్రదేశ్ వాటా 75 గిగావాట్లు, తెలంగాణ వాటా 25.

గాలికి ఇంకో గుణం ఉంది. సీమలో ఆషాఢ శ్రావణాల్లో గాలి హోరెత్తుతుంది. మబ్బు పట్టి సౌర పలకలు నీరసించే కాలం అదే. పగలు ఎండ, పొద్దుగూకాక గాలి, వేసవిలో ఎండ, వానాకాలంలో గాలి అన్నట్టు ఒకదాని లోటు ఒకటి కొంతవరకు పూడుస్తుంది. అందుకే సౌర పలకల మీద ఉన్న మోజులో గాలిని వెనక్కి నెట్టడం పొరపాటని నా అభిప్రాయం. 2024-25లో దేశం కొత్తగా కలుపుకున్న సౌర బలం 24 గిగావాట్లు, గాలి బలం నాలుగే.

జలవిద్యుత్తు మన దేశంలో అన్నిటికంటే పాతది. 1897లో డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్‌లో 130 కిలోవాట్లతో మొదలై, పెద్ద కేంద్రాల్లో 2025 జూన్ నాటికి 49 గిగావాట్లకు చేరింది. గోబర్ గ్యాసు, చెరకు పిప్పి, వరి ఊక వంటివి కలిపి పదకొండున్నర. ఇవి ఊళ్ళకు మేలు చేసేవే గానీ దేశపు లెక్కను తిప్పేసేంతటివి కావు.

ధర ఎలా పడిపోయింది?

2010లో సౌర విద్యుత్తుకు కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ కట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కు వేలంలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలు పలికింది. పదేళ్ళలో తొమ్మిదో వంతు. చైనా కర్మాగారాల్లో పలకల ధర పడిపోవడం, వడ్డీలు తగ్గడం, రివర్స్ వేలంలో కంపెనీలు పోటీపడటం దీనికి కారణాలు. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి పలకల మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం సుంకం వేశాక ధర కొంచెం పైకి లేచి రెండున్నర రూపాయల చుట్టూ నిలిచింది. కొత్త బొగ్గు కేంద్రం నుంచి కొనే యూనిట్‌తో పోలిస్తే పగటి పూట ఇది చాలా చవక.

ఇంత చవకైతే కరెంటు పంపిణీ చేసే డిస్కంలు ఎగబడి కొనాలి కదా? కొనడం లేదు. 2025 నాటికి వేలం గెలిచి కూడా కొనుగోలు ఒప్పందం కుదరక ఆగిపోయిన ప్రాజెక్టులు 40 గిగావాట్లకు పైగా ఉన్నాయి. ఆరేడు నెలలు ఆగితే ఇంకా తక్కువకు వస్తుందేమోనని ఒక ఆశ. మధ్యాహ్నం కరెంటు ఇప్పటికే మిగులుతోంది, ఇంకా కొని ఏం చేయాలన్న ప్రశ్న ఇంకొకటి. రెండోదే అసలు కారణం. డిస్కంల పేరుకుపోయిన నష్టాలు దేశమంతా కలిపి 6 లక్షల కోట్ల రూపాయలకు పైనే ఉన్నప్పుడు అవి ఆచితూచి అడుగేయడాన్ని తప్పుపట్టలేం.

తప్పుపట్టవలసింది మాట తప్పడాన్ని. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత గాలి, సౌర ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ తిరగదోడటానికి కమిటీ వేసింది. గాలి కరెంటుకు ఒప్పందంలో ఉన్న 4 రూపాయల 84 పైసల బదులు 2 రూపాయల 43 పైసలే ఇస్తామంది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2022 మార్చి 15న కోర్టు ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని, బకాయిలు తీర్చాలని తీర్పు చెప్పింది. ధరలు ఎక్కువన్న వాదనలో కొంత నిజం ఉండవచ్చు. అయినా పాతికేళ్ళ ఒప్పందాన్ని మధ్యలో తెంచితే పెట్టుబడి పెట్టేవాడికి ఆ గడప తొక్కే ధైర్యం ఉండదు. అంకె చూడండి. 2019 మార్చిలో రాష్ట్రంలో గాలిమరల బలం 4,090 మెగావాట్లు. ఐదేళ్ళ తర్వాత, 2024 మార్చిలో 4,096. ఆ ఐదేళ్ళలో కలిసింది ఆరు మెగావాట్లు. 75 గిగావాట్ల గాలి ఉన్న నేల మీద ఇది!

2024 అక్టోబరులో రాష్ట్రం కొత్త సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. లక్ష్యం 160 గిగావాట్లు, పెట్టుబడి 10 లక్షల కోట్ల రూపాయలు. 2025 జనవరిలో తెలంగాణ తన విధానంలో 2030 నాటికి 20 గిగావాట్లు అంది. తెలంగాణకు ఈ విషయంలో ఒక మంచి అనుభవం ఉంది. పదేళ్ళ కిందట అది ఒకే చోట వేల ఎకరాల పార్కు కట్టకుండా, జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల పక్కనే చిన్న చిన్న సౌర కేంద్రాలు పెట్టించింది. కరెంటు పుట్టిన చోటే ఖర్చయిపోతుంది, పెద్ద లైన్ల కోసం ఎదురుచూడనక్కర లేదు, దారిలో పోయే నష్టమూ తక్కువ. ఆ పద్ధతిని దేశం తగినంతగా గమనించలేదు.

దీపాలు పెట్టే వేళ

2024 మే 30న దేశం ఒకేసారి వాడుకున్న కరెంటు 250 గిగావాట్లకు చేరింది. అంతకు ముందెన్నడూ లేని రికార్డు. అది పట్టపగలు వచ్చింది, గ్రిడ్ తట్టుకుంది. తట్టుకోవడంలో సౌర పలకల పాత్ర పెద్దది. కరెంటోళ్ళకు గుండెలు అదిరేది పగలు కాదు, సాయంత్రం ఆరున్నర నుంచి. సూర్యుడు దిగిపోయే ఆ గంట గంటన్నరలో పదుల గిగావాట్లు గ్రిడ్ నుంచి జారిపోతాయి. అదే సమయానికి ఇళ్ళలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు, వంటింట్లో మిక్సీలు మొదలవుతాయి. పగలు తగ్గించి పెట్టిన బొగ్గు కేంద్రాలు ఒక్కసారిగా ఊపందుకోవాలి. బాయిలర్ పొయ్యి మీది గిన్నె కాదు, చిటికెలో మంట పెంచడానికి. అందుకే వాటిని పగలు కూడా పూర్తిగా ఆపకుండా సన్నగా నడుపుతూనే ఉంటారు. అలా నడిపినంత మేరా మధ్యాహ్నపు సౌర విద్యుత్తుకు చోటు తగ్గుతుంది. లైన్లు చాలని చోట పలకలను ఆపేయమని ఆదేశాలు వెళ్తాయి. ఎండ కాస్తూనే ఉంటుంది, కరెంటు పుట్టదు.

కాబట్టి మన దేశపు పునరుత్పాదక శక్తికి హద్దు గీస్తున్నది ఎండ కాదు, గాలి కాదు, భూమి కూడా అంతగా కాదు. పగటి కరెంటును దీపాలు పెట్టే వేళ దాకా దాచుకోలేకపోవడం.

దాచుకునే పద్ధతుల్లో పాతది, నమ్మకమైనది మన కృష్ణానది మీదే ఉంది. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అవి రెండు వైపులా తిరుగుతాయి. పై జలాశయం నీళ్ళు కిందికి దూకితే కరెంటు పుడుతుంది. కరెంటు ఇస్తే అదే యంత్రం మోటారై కింది నీళ్ళను తిరిగి పైకి ఎత్తిపోస్తుంది. నాగార్జునసాగర్‌లో అలాంటివే 100.8 మెగావాట్ల యంత్రాలు ఏడు. రెండూ కలిపి 1,605 మెగావాట్లు. 2024 నాటికి దేశం మొత్తం మీద నిజంగా నీళ్ళు ఎత్తిపోయగల స్థితిలో ఉన్న పంప్డ్ స్టోరేజీ 3,305 మెగావాట్లే. అందులో దాదాపు సగం ఈ రెండు ఆనకట్టల కిందే ఉండేదంటే ఎంతమంది నమ్ముతారు?

ఇవి కట్టిన రోజుల్లో ఉద్దేశం వేరు. అర్ధరాత్రి బొగ్గు కరెంటు మిగిలేది, దానితో నీళ్ళు ఎత్తి పగలు వాడుకోవాలనుకున్నారు. ఇప్పుడు తలకిందులైంది. మిట్టమధ్యాహ్నం సౌర కరెంటుతో ఎత్తి, రాత్రికి దించాలి. నూరు యూనిట్లతో ఎత్తితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఆ పోయిన ఇరవై, పలకలను ఆపేసి మొత్తం పోగొట్టుకోవడం కంటే ఎంతో నయం. ఇబ్బందల్లా ఏమిటంటే, ఈ జలాశయాల్లో నీళ్ళు ముందు తాగడానికి, సాగుకు. ఎత్తిపోయాలంటే కింద చాలినంత నిల్వ ఉండాలి. పైగా ఆ నీళ్ళ మీద రెండు రాష్ట్రాల పేచీ ఉంది.

నదితో సంబంధం లేకుండా కట్టేవి ఆ పేచీలకు కొంత దూరంగా ఉంటాయి. నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల కేంద్రం అలాంటిది. పైనొక చెరువు, కిందొక చెరువు. ఒకసారి నింపుకుంటే ఆ నీళ్ళే మీదికీ కిందికీ తిరుగుతాయి, ఆవిరైనంత మేరకు పోసుకుంటే చాలు. పూర్తి బలంతో ఆరు గంటలు నడిస్తే కోటి యూనిట్లు. సీమ గుట్టల ఎత్తుపల్లాలు ఇన్నాళ్ళూ సేద్యానికి శాపమనుకున్నాం. ఈ పనికి అవే వరం.

రెండో దారి బ్యాటరీలు. 2022లో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ వేలంలో ఒక మెగావాటు బ్యాటరీకి నెల అద్దె పది లక్షల 80 వేల రూపాయల పైన పలికింది. 2024 చివరికొచ్చేసరికి ఇలాంటి వేలాల్లో అది రెండు లక్షల 20 వేల చుట్టూ నిలిచింది. రెండేళ్ళలో అయిదో వంతు. పలకల ధర పదేళ్ళలో చూపిన దారిలోనే ఇదీ నడుస్తోంది, ఇంకా వేగంగా. ఈ ఒక్క అంకె నాకు అన్నిటికంటే ఆశ కలిగిస్తోంది.

అవసరం ఎంత? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో 2031-32 నాటికి దేశానికి 74 గిగావాట్ల బలంతో 41 కోట్ల యూనిట్లు దాచుకునే ఏర్పాటు కావాలి. అప్పటికి గరిష్ఠ వాడకం 366 గిగావాట్లు ఉంటుందని అదే సంస్థ అంచనా. బలం సంగతి పక్కన పెట్టి యూనిట్లే లెక్కిస్తే, ఈ నిల్వ అంత వాడకానికి గంటా ఏడు నిమిషాలకు సమానం. చాలదనిపిస్తుంది గానీ, నిల్వ మోయవలసింది దేశం మొత్తాన్ని కాదు, సాయంత్రపు గండాన్ని. దానికి ఇది సరిపోతుంది, కట్టగలిగితే.

బోరు మోటారే బ్యాటరీ

దాచుకోవడానికి ఇంకో దారి ఉంది. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. కరెంటు పుట్టినప్పుడే వాడుకోవడం. ఇది మన రైతులకు బాగా తెలిసిన సంగతి, కాకపోతే బాధ రూపంలో తెలిసింది. రాత్రి కరెంటు రోజులు గుర్తున్నాయా? త్రీ ఫేజ్ ఏ రెండు గంటలకో వచ్చేది. టార్చిలైటు, చేతికర్ర పట్టుకుని పొలం గట్ల మీద పోయి స్టార్టర్ నొక్కాలి. పాము కాటుకు, తడి చేతులకు తగిలిన షాకుకు ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోయాయో ఆ ఊళ్ళకే తెలుసు. పగలు పరిశ్రమలకు, రాత్రి పొలాలకు అన్న ఆ పంపకం బొగ్గు కాలపు అవసరం. రాత్రి మిగిలే కరెంటును ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి కనుక రైతు మీదికి తోశారు.

ఎండ కరెంటు ఆ లెక్కను తిరగేసింది. ఇప్పుడు గ్రిడ్‌కు రైతు పగలే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో పగటి పూట తొమ్మిది గంటల సరఫరా అన్న విధానం, వ్యవసాయ ఫీడర్లను సౌర విద్యుత్తుతో నడపాలన్న పీఎం కుసుమ్ పథకం ఈ దారిలోవే. రెండు రాష్ట్రాల్లో కలిపి లక్షల్లో ఉన్న బోరు మోటార్లు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు మధ్య తిరిగితే, ఆ కరెంటు నీళ్ళ రూపంలో మడిలో, తొట్టిలో నిల్వ ఉన్నట్టే. అంత పెద్ద బ్యాటరీ ఇంకెవరూ కట్టి ఇవ్వరు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పగలు ఉచితంగా, ధారాళంగా వచ్చే కరెంటు భూగర్భ జలాన్ని ఇంకా లోతుకు తోడేస్తుంది. అనంతపురంలో వెయ్యి అడుగుల బోర్లు చూసినవాళ్ళకు దీని అర్థం వేరే చెప్పనక్కర లేదు. డ్రిప్‌తో కలపకుండా చేస్తే ఒక మేలు ఇంకో కీడును వెంటబెట్టుకొస్తుంది.

ఇంటి కప్పు

కౌన్సిల్ ఆన్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ వాటర్ అనే ఢిల్లీ సంస్థ 2023లో దేశంలోని ఇళ్ళ కప్పుల మీద లెక్క వేసింది. చోటును బట్టి చూస్తే 637 గిగావాట్లు. ఆ ఇళ్ళ వాడకాన్ని బట్టి లెక్కిస్తే 118. సబ్సిడీ లేకుండా ఐదేళ్ళలో పెట్టుబడి తిరిగి రావాలి, యజమానికి ఇష్టమూ ఉండాలి అంటే 11. ఆరువందల చిల్లర పదకొండుకు ఎందుకు పడిపోయిందో మన ఇళ్ళల్లోనే కనిపిస్తుంది. తక్కువ యూనిట్లు వాడే ఇంటికి బిల్లు రెండు మూడు వందలు. తెలంగాణలో రేషన్ కార్డున్న ఇంటికి 200 యూనిట్ల దాకా అసలు బిల్లే లేదు. ఆ ఇల్లు లక్షన్నర, రెండు లక్షలు పెట్టి పలకలు ఎందుకు పెట్టుకుంటుంది?

ఆ లోటు పూడ్చడానికే 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. 75,021 కోట్ల రూపాయల ఖర్చు, కోటి ఇళ్ళ లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు మించకుండా కేంద్రం ఇస్తుంది. 2025 మార్చి నాటికి 10 లక్షల ఇళ్ళకు చేరింది.

మీ ఇంటికి కుదురుతుందో లేదో లెక్క సులువు. ఒక కిలోవాటుకు నీడ పడని చోటు వంద చదరపు అడుగులు కావాలి. రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే నెలకు 350 యూనిట్లకు అటూ ఇటూ. నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలింది గ్రిడ్‌కు పోయి లెక్కలో జమ అవుతుంది, రాత్రి వాడుకున్నది అందులోంచి తీసివేస్తారు. నెలకు 300 యూనిట్లు దాటే ఇంటికి ఇది లాభమే. వంద లోపు వాడే ఇంటికి తొందరలేదు. పలకలు దక్షిణానికి వాలి ఉండాలి, పక్షం రోజులకొకసారైనా దుమ్ము కడగాలి.

భూమి ఎవరిది?

కప్పు మీద గొడవ లేదు, నేల మీద ఉంది. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ భూముల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల పార్కుకు పట్టింది దాదాపు 5,900 ఎకరాలు. మన సరిహద్దుకు అవతల, తెలుగు మాట వినిపించే పావగడలో 2,050 మెగావాట్ల పార్కు 13 వేల ఎకరాల్లో ఉంది. అక్కడ భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. కరువుతో వలసపోయిన రైతుకు అది ఏటా చేతికందే డబ్బు, భూమి పేరూ తనదే. మన పార్కులకు కూడా ఈ పద్ధతే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అయితే పావగడ నేర్పిన రెండో పాఠాన్ని కూడా చూడాలి. కౌలు భూమి ఉన్నవాడికే వస్తుంది. ఆ పొలాల్లో కలుపు తీసి, వేరుశనగ పీకి బతికిన కూలీకి, మేకలు మేపుకున్న గొల్లకు ఏమీ రాదు. బంజరు అని కాగితాల్లో రాసిన ప్రతి నేలా ఎవరో ఒకరి మేతబీడే. కర్నూలు దగ్గరి రోళ్ళపాడు గడ్డి మైదానాల్లో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేసుకున్నాం. ఇప్పుడక్కడ ఆ పిట్ట కంటబడక ఏళ్ళవుతోంది. గడ్డి నేల కూడా అడవి లాంటి ఆస్తే అని లెక్కలో రాసుకోవాలి.

నేల అక్కర్లేని దారులూ ఉన్నాయి. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల పలకలు 2022 జులై నుంచి తేలుతున్నాయి. 500 ఎకరాల నీటి మీద పరుచుకుని, ఎండకు ఆవిరయ్యే నీళ్ళనూ కొంత ఆపుతున్నాయి. విశాఖ దగ్గర సింహాద్రిలో 25 మెగావాట్లవి అంతకు ముందే వచ్చాయి. కాలువల మీద, పెద్ద చెరువుల్లో ఇంకెంతో చోటుంది.

కరెంటు వాడకం లెక్కలోకి ఇంకో పెద్ద పద్దు రాబోతోంది. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. దేశం మొత్తం మీద 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు తయారుచేయాలన్నది లక్ష్యం. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. గుణిస్తే 25 వేల కోట్ల యూనిట్లు. ఇవాళ దేశంలోని సౌర పలకలన్నీ కలిసి ఇస్తున్న దానికంటే చాలా ఎక్కువ. ఎరువుల, ఉక్కు కర్మాగారాలకు హైడ్రోజన్ అవసరమే. కానీ ఇళ్ళకు, పొలాలకు రావలసిన కరెంటులోంచి కోసి ఇస్తే ఆ లోటు మళ్ళీ బొగ్గే పూడుస్తుంది.

2030కి బొగ్గు, గ్యాసు, డీజిల్ అక్కర్లేని (శిలాజేతర) బలం 500 గిగావాట్లు కావాలని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించుకున్నాం. 2025 జూన్ నాటికి 243 చేతిలో ఉండేవి. అప్పటికి మిగిలిన అయిదున్నరేళ్ళలో ఏడాదికి 47 చొప్పున కలపాలి. 2024-25లో కలిపింది 29.5. వేగం ఒకటిన్నర రెట్లు కావాలి. అసాధ్యమేమీ కాదు. చైనా 2024 ఒక్క ఏడాదిలో 277 గిగావాట్ల సౌర పలకలు పరిచింది. ఒక మనిషి ఏడాది కరెంటు వాడకం మన దేశంలో 1,400 యూనిట్ల దగ్గరే ఉంది, ప్రపంచ సగటులో సగానికంటే తక్కువ. మనం ఇంకా ఎక్కువ వాడవలసిన వాళ్ళం, వాడతాం కూడా. ఆ పెరిగే యూనిట్లు బొగ్గు నుంచి వస్తాయా, ఎండ నుంచి వస్తాయా అన్నది ఈ అయిదేళ్ళలో కట్టే చెరువులు, కొనే బ్యాటరీలు, లాగే లైన్లు తేలుస్తాయి.

రేపు మీ జిల్లాలో సౌర పార్కుకు శంకుస్థాపన జరిగితే, వేదిక మీద మెగావాట్ల అంకె చెప్తారు. అది విన్నాక మీ ఎమ్మెల్యేని, మీ డిస్కం అధికారిని ఇంకో రెండు అంకెలు అడగండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు? అందులో రాత్రి ఏడు గంటలకు మా ఊరికి వచ్చేవి ఎన్ని?